పికప్‌కి కొత్త టైర్లు వేయించాను. గాలి 35 కొట్టాలా, 50 కొట్టాలా, 65 కొట్టాలా?

ఫిరంగిపురం_పికప్:

అందరికీ నమస్కారం. ప్రశ్న చిన్నదే. కానీ నలుగురిని అడిగితే మూడు అంకెలు చెప్పారు, అందుకే ఇక్కడ పెడుతున్నాను. కొంచెం పొడుగవుతుంది, ఓపిగ్గా చదవండి.

మాది ఫిరంగిపురం దగ్గర. రెండేళ్ల కిందట ఒక పికప్ సెకండ్ హ్యాండ్‌లో కొన్నాను. సీజన్‌లో మా చుట్టుపక్కల రైతుల మిర్చి టిక్కీలు (మిర్చి బస్తాలు) గుంటూరు యార్డుకి తోలతాను. సీజన్ అయిపోతే కోళ్ల దాణా, సిమెంటు, పెళ్లిళ్లకి పందిరి సామాను, ఏ కిరాయి వస్తే అది. కొన్నప్పుడు పాత ఓనరు చెప్పిన మాట ఒక్కటే: "నాలుగింటికీ 35 కొట్టించు, ఇంకేం పట్టించుకోకు." నేను నిజంగానే ఇంకేం పట్టించుకోలేదు.

పోయిన నెల 28 టిక్కీలతో బయల్దేరాను. మామూలుగా అయితే తెల్లారేసరికి యార్డులో ఉంటాం. ఆ రోజు సరుకు ఎత్తే ముఠా కూలీలు ఆలస్యంగా వచ్చారు, ఇంటి దగ్గర కదిలేసరికి పదకొండు దాటింది. పేరేచర్ల ఇంకా రాకముందే వెనక ఎడమ టైరు పేలింది. బాంబు పేలినట్టే. బండి ఎడమకి గుంజింది, స్టీరింగ్ రెండు చేతులతో పట్టుకుని ఎలాగో మార్జిన్‌లోకి దింపాను. పక్క సీట్లో మా నాన్న. ఆయన ఏమీ అనలేదు, కిందకి దిగి టైరు చూసి, తలపాగా విప్పి మొహం తుడుచుకున్నారు. ఆయన అరిచి ఉంటే నాకు ఇంత భయం వేసేది కాదు. లోడు మీద జాకీ ఎత్తడం కుదరక, ఇంకో బండి పిలిపించి సగం టిక్కీలు అందులోకి మార్చి, స్టెప్నీ వేసుకుని పోయాం. ఆ రోజు కిరాయి మొత్తం ఆ బండికే సరిపోయింది.

టైరు విప్పినప్పుడు పంక్చర్ షాపు అతను లోపల చెయ్యి పెట్టి తీసి చూపించాడు. అరచేతి నిండా నల్లటి రబ్బరు పొడి. "గాలి తక్కువతో నలిగింది అన్నా" అన్నాడు. మిగతా మూడూ చూస్తే రెండు అంచులూ నున్నగా అరిగి ఉన్నాయి, మధ్యలో మాత్రం ట్రెడ్ బాగానే ఉంది. సరే అని నాలుగూ మార్చేశాను. సైజు అదే, 215/75 ఆర్15. ఈసారి 8 ప్లై తీసుకున్నాను.

ఇప్పుడు అసలు గొడవ. టైర్ల షాపులో నాలుగింటికీ 65 కొట్టి పంపారు. టైరు మీద రాసుంది కదా అంటారు వాళ్లు. ఖాళీగా ఇంటికి వస్తుంటే బండి బండిలా లేదు, గుర్రం ఎక్కినట్టుంది. ఒక స్పీడ్ బ్రేకర్ దగ్గర నా తల క్యాబిన్ పైకప్పుకి తగిలింది. మర్నాడు బంకులో అడిగితే ఆ కుర్రాడు "పికప్‌లన్నిటికీ 35 సార్" అన్నాడు. మా మామయ్య లారీ డ్రైవరు, ఆయన "50 పెట్టు, మధ్యస్తంగా ఉంటుంది" అన్నారు. మా నాన్న పానా తీసుకుని టైరు మీద రెండు తట్లు తట్టి, చప్పుడు విని, "బాగానే ఉంది" అన్నారు. ఆయన పేలిన టైరుని కూడా ఆ రోజు పొద్దున అలాగే తట్టి బాగానే ఉందన్నారు, అది వేరే సంగతి.

డోరు దగ్గర కంపెనీ వాళ్లు గాలి అంకెల స్టిక్కరు అంటిస్తారట. పాత ఓనరు బండికి పెయింట్ వేయించినప్పుడు అది కూడా రంగు కిందకి పోయింది.

ముందు ఎంత, వెనక ఎంత? లోడుకి, ఖాళీకి వేరువేరుగా పెట్టాలా? పొద్దున చూడాలా, మధ్యాహ్నం చూడాలా? తెలిసినవాళ్లు చెప్పండి.

ఫుల్‌లోడ్_బ్రదర్:

బ్రో ఇందులో ఆలోచించేదేముంది, టైరు మీద 65 అని కంపెనీవాడే అచ్చు వేశాడు. 65 కొట్టి పడెయ్. మైలేజీ కూడా వస్తుంది. నైట్రోజన్ కొట్టించావంటే అసలు వేడే ఎక్కదు.

ఆటోనగర్_పాతకాపు:

తమ్ముడూ, నేను విజయవాడ ఆటోనగర్‌లో చాలా ఏళ్లు టైర్ల పని చేశాను. ఇప్పుడు కొడుకు చూసుకుంటున్నాడు, నేను కుర్చీలో కూర్చుని సలహాలు ఇస్తుంటాను. కాబట్టి నీకూ ఇస్తాను.

ముందు పైన బ్రదర్ చెప్పింది వదిలెయ్. టైరు పక్క గోడ మీద ఉన్న అంకె "ఇంత కొట్టు" అని చెప్పే అంకె కాదు. దాని పూర్తి వాక్యం చదువు. ఇంత బరువు మోయాలంటే, చల్లగా ఉన్నప్పుడు, ఇంత గాలి ఉండాలి అని ఉంటుంది. అంటే ఆ టైరు మోయగలిగిన గరిష్ఠ బరువు, దానికి కావలసిన గాలి. టైరు తయారు చేసినవాడికి నీ బండి ఏదో తెలియదు, అందులో మిర్చి ఉందో మనుషులున్నారో తెలియదు. గాలి ఎంతన్నది బండి తయారు చేసినవాడు చెప్పాలి. ఆ స్టిక్కరు లేకపోతే బండితో వచ్చే మాన్యువల్‌లో ఉంటుంది. నీ దగ్గర లేకపోతే షోరూం సర్వీస్ వాళ్లని అడిగి ఆ పేజీ ఫోటో తీసుకో.

రెండోది, ఇదే ముఖ్యం. సైజు అదే అన్నావు. 215/75 ఆర్15 అన్న అంకెల ముందు ఏ అక్షరం ఉందో చూశావా? "పీ" ఉంటే అది కార్ల జాతి టైరు. "ఎల్‌టీ" ఉంటే లైట్ ట్రక్ జాతి. సైజు అచ్చంగా ఒకటే, పక్కపక్కన పెడితే ఎత్తు కూడా ఒకటే, కానీ రెండూ వేరు. పీ టైరు 35 గాలికే తన పూర్తి బరువు మోస్తుంది. ఎల్‌టీ టైరు గోడ మందం, లోపల కట్టు గట్టి. అది అదే బరువు మోయడానికి ఎక్కువ గాలి అడుగుతుంది. పాత టైర్లకి 35 పెట్టేవాళ్లం కాబట్టి కొత్తవాటికీ 35 చాలు అనుకుంటే అక్కడే దెబ్బ తింటాం. బంకు కుర్రాడి 35 అక్కడి నుంచి వచ్చిందే.

8 ప్లై అంటే లోపల ఎనిమిది పొరలు ఉంటాయని కూడా అనుకోకు. పాత నూలు టైర్ల కాలంలో పొరలు లెక్కపెట్టేవాళ్లు. ఇప్పుడది బలానికి ఒక గుర్తు, అంతే. 6 ప్లై అంటే సీ రేంజి, దానికి 50 దాకా. 8 ప్లై అంటే డీ రేంజి, 65 దాకా. 10 ప్లై ఈ రేంజి, 80.

పాత టైరు పారేశావా? ఉంటే దాని మీద ఏముందో చూసి చెప్పు. రెండంచులూ అరిగి మధ్య మిగిలిందంటే గాలి తక్కువ. మధ్య అరిగి అంచులు మిగిలితే గాలి ఎక్కువ. ఒక్క అంచే అరిగితే అది గాలి కాదు, అలైన్‌మెంట్.

నైట్రోజన్ సంగతి పైన అన్నారు. మామూలు గాలిలోనే 78 శాతం నైట్రోజన్ ఉంది. డబ్బులు ఎక్కువుంటే కొట్టించుకోండి, నష్టం లేదు. ఎండకి అది కూడా వ్యాకోచిస్తుంది.

ఫిరంగిపురం_పికప్:

బాబాయ్, పాత టైరు పశువుల కొట్టంలో పడి ఉంది, తీసి తడిగుడ్డతో తుడిచి చూశాను. మీరు చెప్పింది నిజం. పాతదాని మీద పీ 215/75 ఆర్15, పక్కన 100 ఎస్. కొత్తదాని మీద ఎల్‌టీ 215/75 ఆర్15, పక్కన 106/103, ఆ కింద చిన్న అక్షరాల్లో గరిష్ఠ బరువు 950 కేజీలు, 450 కేపీఏ, అంటే మన గేజీ లెక్కలో 65 పీఎస్ఐ, కోల్డ్ (చల్లగా ఉన్నప్పుడు) అని ఉంది. ఈ 100, 106 ఏంటి?

అంటే పాత ఓనరు సరుకు మోసే బండికి కార్ల టైర్లు వేయించాడన్నమాట. నాకు అమ్మేటప్పుడు "టైర్లు కొత్తవి, చూడండి" అని చేత్తో నిమిరి మరీ చూపించాడు. నేనూ నిమిరాను.

లెక్కల_మాస్టారు_తెనాలి:

ఆ 100, 106 లోడ్ ఇండెక్స్. అది నేరుగా కేజీలు కాదు, దానికి ఒక పట్టిక ఉంది. 100 అంటే ఒక టైరుకి 800 కేజీలు. 106 అంటే 950. మీ కొత్తదాని మీద గీత తర్వాత ఉన్న 103 అంటే 875, అది వెనక జంట చక్రాలున్న బండికి. మీది ఒంటి చక్రం కాబట్టి మొదటి అంకె మాత్రమే చూడండి.

ఇక్కడ ఒక మెలిక ఉంది. పీ టైరుని ట్రక్కుకి వేస్తే దాని మీద రాసిన బరువుని 1.1తో భాగించాలని అమెరికా టైరు ప్రమాణాల్లో ఉంది. ట్రక్కు ఎక్కువ ఊగుతుంది, లోడు సమంగా ఉండదు, అందుకని. అంటే మీ పాత టైరు 800 కాస్తా 727 అవుతుంది.

ఇప్పుడు మీరు చేయాల్సింది, గాలి సంగతి కాసేపు పక్కనపెట్టి బండిని కాటా వేయించడం. మొత్తం బరువు ఒక్కటే కాదు, ఇరుసుల వారీగా. ముందు చక్రాలు మాత్రం కాటా మీదకి ఎక్కించి ఒకసారి, మొత్తం బండి ఎక్కించి ఒకసారి, ముందు చక్రాలు దిగిపోయి వెనకవి మాత్రం మీద ఉండగా ఒకసారి. ముందుది, వెనకది కలిపితే మొత్తానికి దగ్గరగా రావాలి, రాకపోతే మళ్లీ వేయించండి. మీరు డ్రైవింగ్ సీట్లోనే ఉండండి, ఎందుకంటే రోడ్డు మీద కూడా మీరుంటారు. ఖాళీగా ఒకసారి, ఎప్పుడూ వేసే లోడుతో ఒకసారి. ఆ అంకెలు తెచ్చి ఇక్కడ పెట్టండి, లెక్క కడదాం.

ఫిరంగిపురం_పికప్:

మాస్టారూ, మూడు సార్లు ఎక్కించి దింపుతానంటే కాటా అబ్బాయి నన్ను పిచ్చివాణ్ణి చూసినట్టు చూశాడు. వెనక పత్తి లారీ హారన్ కొడుతోంది. టీ తాగించి ఒప్పించాను. ఇవిగో.

ఖాళీగా: ముందు 980, వెనక 730.
28 టిక్కీలతో: ముందు 1,110, వెనక 1,790. మొత్తం 2,900.

ఆర్సీలో ఉన్న మొత్తం బరువుకి లోపే ఉంది, అది సరిచూసుకున్నాను. నాకు ఆశ్చర్యమేసింది ఏంటంటే, 1,190 కేజీల సరుకు వేస్తే ముందు ఇరుసు మీద పెరిగింది 130 మాత్రమే. మిగతాదంతా వెనకే. ఇన్నాళ్లూ నాలుగు చక్రాలూ తలా కాస్త పంచుకుంటాయి అనుకునేవాణ్ణి.

లెక్కల_మాస్టారు_తెనాలి:

బాగుంది. లోడుతో వెనక 1,790. రెండు చక్రాలు కాబట్టి చక్రానికి 895 కేజీలు. ముందు చక్రానికి 555.

ముందు మీ పాత టైరు సంగతి. దాని హద్దు 727. దాని మీద మీరు పెట్టింది 895. అంటే ఒక్కో చక్రం మీద 168 కేజీలు ఎక్కువ. అది పేలడం వింత కాదు, రెండేళ్లు పేలకుండా లాగడమే వింత.

ఇప్పుడు కొత్త టైరు. టైరు కంపెనీలు ఏ బరువుకి ఎంత గాలి అని పట్టికలు ఇస్తాయి. అది దొరికితే అదే వాడండి. దొరకనప్పుడు చేతి లెక్క ఇది: మీ చక్రం మీద బరువుని టైరు గరిష్ఠ బరువుతో భాగించి, గరిష్ఠ గాలితో హెచ్చించండి.

వెనక లోడుతో: 895 ని 950తో భాగించి 65తో హెచ్చిస్తే 61.
ముందు లోడుతో: 555 కి 38.
ముందు ఖాళీగా: 490 కి 33 లేదా 34.
వెనక ఖాళీగా: 365 కి 25.

ఈ చేతి లెక్క అసలు పట్టిక కన్నా కాస్త ఎక్కువ గాలే చూపిస్తుంది. గాలి, బరువు సరిగ్గా ఒకే పాళ్లలో పెరగవు. కాబట్టి తప్పు జరిగినా జాగ్రత్త వైపే జరుగుతుంది. కానీ ఆ చివరి 25 ని మాత్రం పట్టించుకోవద్దు. ఖాళీ బండి అయినా గుంతలో పడుతుంది, మలుపు తిరుగుతుంది, ఎవరో ఒకరు వెనక ఎక్కుతారు. బండి మాన్యువల్‌లో ఇచ్చిన కనీసపు అంకె కన్నా ఎప్పుడూ కిందకి పోకూడదు.

ఇంకొకటి గమనించండి. 895కి, 950కి మధ్య మిగిలింది 55 కేజీలే. 28 టిక్కీలకి బదులు 32 వేశారనుకోండి, ఒక్కో చక్రం 970 దాకా పోతుంది. అప్పుడు ఎంత గాలి కొట్టినా ప్రయోజనం లేదు. గాలి టైరుని దాని హద్దు దాకా తీసుకెళ్తుంది, హద్దు దాటించదు.

ఫిరంగిపురం_పికప్:

32 సంగతి మీకెవరు చెప్పారు మాస్టారూ? పోయినేడు రెండు మూడుసార్లు 32 వేశాం. "నాలుగు టిక్కీల కోసం మళ్లీ ఇంకో ట్రిప్పా" అని రైతు బతిమాలితే కాదనలేకపోయాను. ఇది మా నాన్నకి చదివి వినిపించాను. ఆయన మళ్లీ తలపాగా విప్పారు.

ఒక సందేహం. పోయేటప్పుడు లోడు, వచ్చేటప్పుడు ఖాళీ. రోజూ పొద్దున 60 కొట్టి, మధ్యాహ్నం యార్డు బయట 40 కి దించి, మర్నాడు మళ్లీ కొట్టడం జరిగే పని కాదు. మా దగ్గర బంకులో మిషన్ 50 దాటి ఎక్కనే ఎక్కలేదు, టైర్ల షాపుకే పోవాల్సి వచ్చింది.

పటమట_వాటర్‌క్యాన్లు:

అన్నా, నాది మంచినీళ్ల క్యాన్ల వ్యాపారం. క్యాను 20 లీటర్లు, 50 క్యాన్లు వేస్తే నీళ్లే టన్ను. పొద్దున నిండుగా పోతుంది, పదింటికల్లా ఖాళీ క్యాన్లతో వస్తుంది. మీ సమస్యే నాదీ.

మేము దించము. వెనక లోడుకి తగ్గట్టే ఉంచేస్తాం. ఖాళీగా ఎగిరితే నెమ్మదిగా నడపాలి, అంతే. వానొస్తే ఖాళీ బండి వెనక చక్రం జారుతుంది, బ్రేకు మీద జాగ్రత్త. తక్కువ గాలితో లోడు వేస్తే టైరు పోతుంది, ఎక్కువ గాలితో ఖాళీగా తిరిగితే నడుము పోతుంది. నేను నడుముని ఎంచుకున్నాను.

నేను అసలు చెప్పాలనుకున్నది ఎండ గురించి. పోయినేడు మేలో మా డ్రైవరు మధ్యాహ్నం గేజీ పెట్టి చూసి, "అక్కా, గాలి పెరిగిపోయింది, పేలుద్ది" అని కంగారుపడి వెనక టైర్ల నుంచి గాలి తీసేశాడు. నాకు చెప్పలేదు. మర్నాడు పొద్దున లోడు వేశాక చూస్తే టైరు కింద ఉబ్బి ఉంది. కొలిస్తే ఏడో ఎనిమిదో తక్కువ. వేడి టైరులో గాలి ఎక్కువగానే చూపిస్తుంది, చూపించాలి కూడా. ఆ పెరిగేదంతా కలుపుకునే చల్లటి గాలి అంకె నిర్ణయిస్తారట. వేడి మీద ఎప్పుడూ గాలి తీయకూడదని మా మెకానిక్ అప్పుడు డ్రైవరుకి క్లాసు పీకాడు.

అందుకని ఇప్పుడు తెల్లవారుజామున, బండి తీయకముందే నేనే కొలుస్తాను. సొంత గేజీ కొనుక్కున్నాను. బంకులో మిషన్‌కీ నా గేజీకీ నాలుగు పాయింట్ల తేడా ఉంది. ఎవరిది నిజమో పక్కనబెట్టి, ప్రతిసారీ ఒకే గేజీతో చూస్తే మార్పు తెలుస్తుంది కదా.

లెక్కల_మాస్టారు_తెనాలి:

పటమట చెల్లెమ్మ చెప్పింది నూటికి నూరుపాళ్లు సరి. దానికి అంకెలు నేను కలుపుతాను. తెల్లవారి 26 డిగ్రీలు, మధ్యాహ్నం 42 అనుకోండి. బండి కదలకపోయినా, ఆ 16 డిగ్రీల తేడాకే 35 ఉన్న టైరు 37, 38 చూపిస్తుంది. 60 ఉన్నది 64 చూపిస్తుంది. కదిలితే టైరు నలిగే వేడి వేరే. చల్లటి టైరు అంటే కనీసం మూడు గంటలు ఆగి ఉన్నది, లేదా కిలోమీటరున్నర కూడా తిరగనిది. అది కూడా నీడలో. ఒక పక్క ఎండ తగిలితే ఆ పక్క టైర్లు ఎక్కువ చూపిస్తాయి.

రోడ్డు మీద గంట నడిపాక గాలి ఎంత పెరిగిందో చూస్తే ఇంకో మేలు ఉంది. పదో వంతు, మహా అయితే ఏడో వంతు పెరిగితే పరవాలేదు. ఐదో వంతు దాకా పెరిగిందంటే పొద్దున గాలి చాలలేదని, లేదా బరువు ఎక్కువైందని అర్థం. అప్పుడు కూడా అక్కడికక్కడ గాలి తీయకూడదు. బరువు తగ్గించాలి, లేదా మర్నాడు పొద్దున గాలి పెంచాలి.

ఫుల్‌లోడ్_బ్రదర్:

సరే ఒప్పుకున్నా. కానీ నేను 65 తోనే తిరుగుతున్నా, మధ్యలో అరిగింది నిజమే. ఇప్పుడు చూసుకున్నా. 😅

ఆటోనగర్_పాతకాపు:

ఒక మాట మర్చిపోయాను తమ్ముడూ. కొత్త టైర్లు వేసినప్పుడు వాల్వులు మార్చారా? ట్యూబ్‌లెస్ డిస్కుకి లోపల నుంచి లాగి బిగించే మామూలు రబ్బరు వాల్వు ఉంటుంది చూడు, కార్లకి వేసేది, అది 65 దాకానే. నువ్వు 60 పెడుతున్నావు, ఎండలో పైకి పోతుంది. ఆ 65 చల్లటి గాలి లెక్కే అనుకో, అయినా పాత రబ్బరు వాల్వుతో ఆ గాలి పెట్టడం నాకు నచ్చదు. అడుగున పగుళ్లు వచ్చి ఉంటాయి. నట్టుతో బిగించే మెటల్ వాల్వులు వేయించు. నాలుగుకి పెద్ద ఖర్చు కాదు. డిస్కు మీద కూడా దాని హద్దు ఉంటుంది, వంగిన డిస్కుకి 60 పెట్టొద్దు.

స్టెప్నీ సంగతి అడగలేదు నువ్వు. ఎవరూ అడగరు. అది వెనక చక్రానికే పడుతుందనుకుని వెనక అంకెకే కొట్టి ఉంచు. ముందు వేయాల్సి వస్తే దించుకోవడం తేలిక, రోడ్డు పక్కన ఎక్కించడం కష్టం. నువ్వు మార్చింది నాలుగే అన్నావు. అంటే నీ స్టెప్నీ ఇంకా ఆ పీ టైరే కదూ?

ఫిరంగిపురం_పికప్:

పీ టైరే బాబాయ్. ఇది చదివి కిందకి వంగి చూశాను. గాలి 18 ఉంది.

మూడు వారాలయింది, ఏం చేశానో చెప్తాను.

ఐదో టైరు కూడా ఎల్‌టీ కొన్నాను. వాల్వులు ఐదూ మార్పించాను. పాతవి చేత్తో వంచితే అడుగున వెంట్రుక మందం చీలికలు కనిపించాయి, మీరన్నట్టే. షోరూం సర్వీస్‌లో ఒక పెద్దాయన పాత మాన్యువల్ వెతికి పేజీ చూపించాడు. అందులో ముందు, వెనక వేరువేరుగా, లోడుకి వేరుగా ఉన్నాయి. వెనక లోడు అంకె మాస్టారి లెక్కకి రెండు పాయింట్ల తేడాలోనే ఉంది. నేను ముందు 38, వెనక 60 దగ్గర స్థిరపడ్డాను. సీజన్ అయ్యాక వెనక 40 కి దించుతాను, మాన్యువల్‌లో ఖాళీకి ఇచ్చింది దానికి దగ్గర్లోనే ఉంది.

గేజీ కొన్నాను. పొద్దున నాలుగున్నరకి టార్చి పట్టుకుని కొలుస్తుంటే మా ఆవిడ "టైర్లకి బీపీ చూస్తున్నారా" అంది. ఆ రోజు వెనక 60 తో బయల్దేరి, యార్డులో దిగగానే చూస్తే 66. ఎండెక్కాక ఒకరోజు 68 చూపించింది. చెయ్యి వాల్వు మీదకి పోయింది. పటమట అక్క డ్రైవరు గుర్తొచ్చి వెనక్కి తీసుకున్నాను.

సుద్దముక్కతో ట్రెడ్ మీద అడ్డంగా గీత గీసి, తిన్నటి రోడ్డు మీద కాస్త దూరం నడిపి చూడమని మా మామయ్య చెప్పారు. లోడుతో చేస్తే గీత అంచు నుంచి అంచుదాకా సమంగా చెరిగింది. ఖాళీగా చేస్తే వెనక మధ్యలో మాత్రమే చెరిగి, రెండు పక్కలా సుద్ద మిగిలింది. టైరు నేలని ఎక్కడ తాకుతోందో కంటితో చూస్తే అప్పుడర్థమైంది ఖాళీ బండి ఎందుకు ఎగురుతోందో. ఆ మధ్య అరుగుదల నేను భరించాల్సిందే. టైర్లు ముందుకీ వెనక్కీ మార్పిస్తూ ఉంటే కొంత సర్దుకుంటుందని షాపులో అన్నారు.

టిక్కీలు 28 దాటి వేయడం మానేశాం. ఇద్దరు రైతులు వేరే బండి చూసుకున్నారు. ఒకాయన మళ్లీ వచ్చాడు.

డోరు లోపలి వైపు రంగు వేయించి అంకెలు రాయించాను. బళ్ల మీద పేర్లు రాసే అతను "ముందు 38, వెనక 60, చల్లగా" అని రాసి, ఇది ఏ సామెతండీ అని అడిగాడు. మా నాన్న ఇప్పటికీ బయల్దేరే ముందు పానాతో నాలుగు టైర్లూ తడతారు. నేను కొలిచాక తడతారు. "60 ఉందా?" అంటారు. ఉందంటే తట్టి, "ఆ, 60 ఉంది" అంటారు.

మామయ్య లారీకి వెనక జంట చక్రాలు. ఆయన తన కాటా చీటీ ఇచ్చి మాస్టారిని అడగమన్నారు. అది ఈ ఆదివారం వేరే ప్రశ్నగా పెడతాను.